వాలిపోయే దీపం: రెడిచ్‌లో తయారైన ఒక ఆంగిల్‌పాయిజ్ మరమ్మతు, మొదటి నుంచి చివరి దాకా

గత నవంబరులో ఒక శనివారం పొద్దున డాక్టరు గారు ఫోన్ చేశారు. గుంటూరు నుంచి 1970లలో ఇంగ్లండ్ వచ్చి, మిడ్‌ల్యాండ్స్ ఆసుపత్రుల్లో 30 ఏళ్ళు పనిచేసి రిటైరైన పెద్దాయన. "నాయనా, నా దీపం నిలబడటం లేదు. పుస్తకం మీదికి సరిచేసి పెడతాను. రెండు పేజీలు చదివేలోపు మెల్లగా వాలిపోతుంది. నీ దగ్గరికి తెస్తే చూస్తావా?" అన్నారు. మధ్యాహ్నానికల్లా అమ్మగారితో కలిసి బర్మింగ్‌హామ్‌లోని నా షెడ్డుకు వచ్చేశారు. దీపాన్ని పాత దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు.

అది ఆంగిల్‌పాయిజ్ 1227 మోడల్, బల్ల మీద పెట్టుకుని కావలసిన వైపు వంచుకునే దీపం. రెండు మెట్ల చతురస్రపు దిమ్మ, దాని పైన మూడు స్ప్రింగులు, రెండు చేతులు, చివర అల్యూమినియం షేడ్. తయారుచేసిన హెర్బర్ట్ టెర్రీ అండ్ సన్స్ పేరు, రెడిచ్ అనే ఊరి పేరు లోహం మీద అచ్చు గుద్ది ఉన్నాయి. రెడిచ్ నా షెడ్డుకు దక్షిణంగా, అరగంట దూరంలో ఉంటుంది. డాక్టరు గారు ఈ దీపాన్ని ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పాత ఇంటి సామాను అమ్ముతుంటే కొన్నారట. పరీక్షలకు చదివింది దీని కిందే. ఇప్పుడు చేతులు కొంచెం వణుకుతున్నాయి, చదవాలంటే భూతద్దం కావాలి. కాబట్టి నాకు ఇచ్చిన పని స్పష్టంగానే ఉంది: రెండు వేళ్ళతో కదిపితే కదలాలి, వదిలిన చోట ఉండిపోవాలి. కొత్తదానిలా మెరవాలని ఆయన అడగలేదు.

మెరుపు అప్పటికే ఉంది. రెండేళ్ళ క్రితం వాళ్ళబ్బాయి ముచ్చటపడి ఒకచోట ఇచ్చి దీన్ని "కొత్తగా" చేయించాడు. నల్లని పౌడర్ కోటింగ్ (పొడి చల్లి వేడికి కరిగించే ప్లాస్టిక్ పూత), ఒక కొత్త స్ప్రింగు, పెద్ద ఎల్‌ఈడీ బల్బు. చూడటానికి నీటుగానే చేశారు. ఈ కేసులో నేను చెప్పదలచుకున్న విషయం ఆ నీటుదనం దగ్గరే మొదలవుతుంది. ఈ దీపంలో అసలు పనితనం పైపూతలో లేదు, తూకంలో ఉంది. ప్రతి భాగానికీ ఎంత బరువు ఉండాలో, ఎంత బిగువు ఉండాలో ముందే లెక్కగట్టి చేసిన వస్తువు ఇది. అందం కోసం ఒక భాగాన్ని మార్చినా ఆ లెక్క తప్పుతుంది.

లెక్క ఏమిటి

ఈ దీపాన్ని కనిపెట్టిన జార్జ్ కార్వర్డైన్ ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో ఉండే ఇంజనీరు. మోటారు కార్ల రంగంలో పనిచేసినవాడు, కారు సస్పెన్షన్ల మీద ఆసక్తి. చేతిలాంటి యంత్రభాగాన్ని ఏ కోణంలో వదిలినా అక్కడే నిలిపే స్ప్రింగుల అమరికకు ఆయన 1932లో పేటెంటు తీసుకున్నాడు. స్ప్రింగుల కోసం వెళ్ళింది రెడిచ్‌లోని టెర్రీ కంపెనీకి. మొదటి రూపమైన 1208 మోడల్‌కి నాలుగు స్ప్రింగులు. ఇళ్ళలో వాడకానికి వీలుగా మూడు స్ప్రింగులతో 1935లో వచ్చింది ఈ 1227.

స్ప్రింగుల కోసం రెడిచ్‌కే వెళ్ళడానికి కారణం ఉంది. అది సూదుల ఊరు. ప్రపంచం నలుమూలలకూ అక్కడి సూదులు వెళ్ళేవి. సూది అంటే సన్నగా లాగిన ఉక్కు తీగ. దాన్ని కోసి, కాల్చి, చల్లార్చి, పదును పెట్టడమే. తీగ ఎప్పుడు వంగుతుంది, ఎప్పుడు విరుగుతుంది, ఎంత వేడికి మెత్తబడుతుంది అన్నది ఆ ఊరి పనివాళ్ళకు తరాల నుంచి చేతికి తెలుసు. ఆ చేతులే గాలాలు చేశాయి, స్ప్రింగులు చుట్టాయి. మన బుల్లెట్ బండి మూలాలూ అక్కడివే: రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టిందీ రెడిచ్‌లోనే, దాని వెనక ఉన్నదీ ఒక సూదుల కంపెనీయే. 1855లో మొదలైన టెర్రీ వాళ్ళు మోటారు ఇంజన్లకు వాల్వ్ స్ప్రింగులు చేసేవారు. ఆంగిల్‌పాయిజ్ వాళ్ళ చేతిలో రూపు దిద్దుకోవడం నాకు సహజంగానే తోస్తుంది.

ఇక తూకం సంగతి. మన ఏతం గుర్తు తెచ్చుకోండి. దుంగకు ఒక పక్క నీళ్ళ బాన, రెండో పక్క బరువు. ఆ పద్ధతిలో దీపం కూడా చేయవచ్చు, చేశారు కూడా. కానీ దీపం బరువుకు తూగే బరువు వెనక కట్టాలి, ఆ రెండింటినీ మోయడానికి దిమ్మ ఇంకా బరువుండాలి. బరువు బదులు స్ప్రింగు పెడితే దీపం తేలికవుతుంది. చిక్కల్లా ఏమిటంటే చేయి వాలేకొద్దీ దాని భారం మారుతుంది. నిటారుగా ఉన్నప్పుడు కిందికి లాగే భారం దాదాపు ఉండదు, అడ్డంగా చాచినప్పుడు అత్యధికం. స్ప్రింగు లాగే బలం కూడా సరిగ్గా అదే వరుసలో పెరగాలి, అదే వరుసలో తగ్గాలి.

మామూలు స్ప్రింగు అలా చేయదు. అది ఎంత సాగితే అంత లాగుతుంది. ఇక్కడ కావలసింది సాగిన మేరకు కాకుండా మొత్తం పొడవును బట్టి లాగే స్ప్రింగు. అంటే బలం లేని స్థితిలో పొడవు సున్నా అన్నట్టు ప్రవర్తించాలి. అలాంటి స్ప్రింగు ఎక్కడైనా ఉంటుందా అనిపిస్తుంది. పనివాడు దాన్ని ఇలా సాధిస్తాడు: తీగను చుట్టేటప్పుడే మెలిపెడుతూ, చుట్టుకు చుట్టు గట్టిగా ఒరుసుకునేలా బిగించి చుడతాడు. ఆ స్ప్రింగు ఖాళీగా ఉన్నప్పుడే లోపల బిగువు దాచుకుని ఉంటుంది. కొంత బరువు వేసేదాకా ఒక్క చుట్టూ తెరుచుకోదు. ఆ దాచుకున్న బిగువే లెక్కను సరిచేస్తుంది. మిగిలిన కొద్దిపాటి తేడాను కీళ్ళ దగ్గరి రాపిడి పట్టుకుంటుంది.

మూడు స్ప్రింగులూ కిందే ఉన్నా పై చేయి కూడా తూగుతుంది చూడండి, అదీ ఇందులోని అందమే. సమాంతరంగా నడిచే కడ్డీల వల్ల పై చేతి భారం కిందికి చేరుతుంది. మన భుజం కండరం మోచేతి బరువును కూడా మోసినట్టు.

లోపం ఎక్కడ

మొదటిరోజు నేనూ అందరూ చేసే తప్పే చేశాను. దీపం మోచేతి దగ్గరి నట్లు ఒక పావు చుట్టు బిగించాను. దీపం నిలబడింది. కానీ కదపాలంటే రెండు చేతులూ కావలసి వచ్చింది, ఒక చేత్తో దిమ్మ పట్టుకుని ఇంకో చేత్తో లాగాలి. చేతులు వణికే మనిషికి అది ఉపయోగం లేని దీపం. విప్పేసి మళ్ళీ మొదటి నుంచి చూశాను.

తూకం చూడాలంటే ముందు రాపిడిని తీసెయ్యాలి. కీళ్ళన్నీ వదులు చేసి, చేతిని ఐదు ఎత్తుల్లో వదిలి ఏమవుతుందో రాసుకున్నాను. పైకి నిలబెట్టినప్పుడు వాలిపోయింది. అడ్డంగా ఉన్నప్పుడూ వాలింది. బాగా కిందికి తెచ్చినప్పుడు మాత్రం ఉన్నచోట ఉంది. తరువాత ఆ పెద్ద ఎల్‌ఈడీ బల్బు తీసి, 30 గ్రాముల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి చూశాను. అడ్డంగా ఉన్నప్పుడు నిలబడింది. పైన కొద్దిగా వాలింది. కిందికి తెస్తే ఈసారి పైకి తన్నింది! ఇక్కడే విషయం అర్థమైంది. ఒకటి కాదు, రెండు లోపాలు ఒకదాన్నొకటి దాచుకుంటున్నాయి. పైన బలం చాలడం లేదు, కింద బలం ఎక్కువైంది అంటే స్ప్రింగు స్వభావమే వేరు.

మూడు స్ప్రింగులూ విప్పాను. ఏది ఏ కొక్కెం నుంచి తీశానో దారపు ముడులతో గుర్తు పెట్టుకున్నాను. బల్ల మీద పక్కపక్కన పెడితే తేడా కంటికే తెలిసింది. పాత రెండింటి చుట్లు వెంట్రుక దూరనంత దగ్గరగా ఉన్నాయి. కొత్తదాని చుట్ల మధ్య సందులున్నాయి, వెనక ఇంకో దీపం వెలిగిస్తే వెలుతురు కనిపించింది. అంటే దాచుకున్న బిగువు లేదు. దానికి తోడు తీగ పాతవాటికంటే సుమారు పదో వంతు లావు. పదో వంతే కదా అనుకోకూడదు. స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది; మిగతా కొలతలు మారకపోతే మందం 10 శాతం పెరిగినప్పుడు గట్టిదనం 46 శాతం పెరుగుతుంది. దుకాణంలో పొడవు చూసి, కొక్కెం చూసి, "ఇది సరిపోతుంది" అని ఇచ్చిన స్ప్రింగు అది. పొడవు నిజంగానే సరిపోయింది.

బల్బు తూస్తే 140 గ్రాములు. వెనక లోహపు రెక్కలున్న పాతకాలపు ఎల్‌ఈడీ. పాత బల్బుకంటే 110 గ్రాములు ఎక్కువ, అదీ చేతి చిట్టచివర.

మూడోది పౌడర్ కోటింగ్. దాని మందం మామూలుగా 60 నుంచి 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అసలు ఎనామిల్ కంటే బాగా ఎక్కువ. కీళ్ళ ముఖాల మీద కూడా వేసేయడంతో వాషర్లు ప్లాస్టిక్ మీద ఒరుసుకుంటున్నాయి. మొదట్లో అది గట్టిగా పట్టుకుని తూకంలోని లోపాలన్నిటినీ దాచింది. రెండేళ్ళలో నునుపెక్కి జారడం మొదలుపెట్టింది. దీపం "మెల్లగా" వాలడానికి కారణం అదే. పూత లేకపోయి ఉంటే రెండేళ్ళ క్రితమే, వాళ్ళబ్బాయి ఇంటికి తెచ్చిన రోజే ఠక్కున పడేది, అప్పుడే తెలిసేది.

స్ప్రింగు

ఈ పనిలో ఎక్కువ సమయం తిన్నది ఇదే. మిగిలిన రెండు పాత స్ప్రింగులకు చిన్న చిన్న బరువులు కట్టి, ఎంత బరువుకు చుట్లు తెరుచుకుంటున్నాయి, ఆ తరువాత ప్రతి 100 గ్రాములకు ఎంత సాగుతున్నాయి అని గీతల కాగితం మీద గుర్తులు పెట్టాను. రెండూ ఒకే గీత మీద నడిచాయి. కొన్ని దశాబ్దాలు బిగువు మీద నిలబడ్డ ఉక్కు అది. గీత ఇంకా తిన్నగా ఉండటం చూసి ఆ చుట్టినవాళ్ళకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఆ కాగితం పట్టుకుని, చేత్తో స్ప్రింగులు చుట్టే ఒక చిన్న వర్క్‌షాపుకు వెళ్ళాను. ఈ పనికి వాడేది చల్లగా లాగిన హై కార్బన్ ఉక్కు తీగ, పియానో తీగ జాతిది. చుట్టాక దాన్ని కొద్దిగా వేడి చేయాలి, లేకపోతే చుట్టేటప్పుడు చేరిన ఒత్తిడులు లోపలే ఉండి నాలుగు నెలల్లో కొలత మారుతుంది. కానీ ఈ జాతి స్ప్రింగుకు వేడి ఎక్కువైతే దాచుకున్న బిగువు కూడా కరిగిపోతుంది. మొదటి స్ప్రింగు అలాగే చెడింది. కొలతలన్నీ కుదిరాయి, చుట్లూ దగ్గరగానే ఉన్నాయి, కానీ కావలసిన బరువులో సగానికే తెరుచుకుంది. రెండోసారి ఇంకా బిగించి చుట్టి, వేడి తగ్గించారు. అది పాతవాటి గీత మీదికి వచ్చింది. చేసినాయన 40 ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నారు. కొలిచే ముందే చుట్ల మీద గోరు ఆనించి లాగి "ఇది సరైనది" అన్నారు.

కొత్త స్ప్రింగుకు క్రోమియం పూత వేయించలేదు. పాతవాటి మీద అరిగిన పూతను మళ్ళీ వేయించనూ లేదు. చాలామంది అడుగుతారు కాబట్టి కారణం చెబుతాను. పూత వేసే తొట్టెలో, దానికి ముందు ఆమ్లంలో ముంచినప్పుడు, హైడ్రోజన్ పుట్టి ఉక్కులోకి దూరుతుంది. మెత్తటి ఇనుముకు అంత నష్టం లేదు. బిగువు మీద ఉండే గట్టి ఉక్కు మాత్రం పెళుసెక్కుతుంది. బాగానే కనిపిస్తూ ఉండి, ఏదో ఒక రాత్రి ఎవరూ తాకకుండానే టప్పున తెగుతుంది. పూత వేసిన కొద్ది గంటల్లోనే 190 డిగ్రీల ప్రాంతంలో చాలాసేపు వేడి చేస్తే ఆ హైడ్రోజన్ బయటికి పోతుంది. ఆ పని తప్పక చేస్తారన్న నమ్మకం లేనిచోట స్ప్రింగు ఇవ్వను. పాతవాటి తుప్పును సన్నని ఉక్కు పీచుతో తీసి, మూడింటికీ మైనం పట్టించాను. కొత్తది కాస్త నల్లగా, వేరుగా కనిపిస్తుంది. అది అలాగే కనిపించాలి. తరువాత విప్పేవారికి ఏది మారిందో తెలియాలి.

మిగతా పనులు

పౌడర్ పూతను రసాయనంతో తీశాను. ఇసుక చిమ్మి తీసే పద్ధతి వాడలేదు, కీళ్ళ ముఖాలు గరుకెక్కుతాయి. దిమ్మ లోపలి వైపు అసలు రంగు కొంచెం మిగిలి ఉంది. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా రుద్దకుండా తడిపి, మాస్కు పెట్టుకుని శుభ్రం చేశాను. ఆ నలుపుకే కలిపించి పలుచగా రెండు పూతల ఎనామిల్ వేశాను. కీళ్ళ ముఖాలను టేపుతో కప్పి, లోహాన్ని లోహంగానే వదిలాను. కొత్త ఫైబర్ వాషర్లు వేశాను. నూనె వెయ్యలేదు. ఈ కీలు జారడానికి పెట్టింది కాదు.

షేడ్ అల్యూమినియం రేకును తిరిగే లేత్ మీద అచ్చుకు ఆనించి, పొడవాటి పనిముట్టును చంకలో ఇరికించుకుని ఒంటి బరువంతా మోపి వంచుతూ చేసింది. ఈ స్పిన్నింగ్ పని తెలిసినవాళ్ళు ఇంగ్లండ్‌లో తగ్గిపోతున్నారు. లోపలివైపు ఆ పనిముట్టు నడిచిన సన్నని వలయాలు వేలికి తగులుతాయి. అంచుకు మూడు సొట్టలున్నాయి. సుత్తితో కొడితే రేకు సాగి అంచు అలలు తిరుగుతుంది. బీచ్ కర్రతో ఆ వంపుకు సరిపడే దిమ్మె తిప్పించి, లోపలి నుంచి ఆనించి, బయట నునుపు ఉక్కు కడ్డీతో రుద్దుతూ పెద్ద సొట్టను సరిచేశాను. మిగిలిన రెండింటికి రేకును వేడి చేసి మెత్తబరచాలి. అల్యూమినియం వేడెక్కినా రంగు మారదు, అందుకే సబ్బు పూసి అది గోధుమరంగు దాటి నల్లబడేదాకా చూస్తాం. కానీ అంత వేడికి లోపలి అసలు తెల్ల ఎనామిల్ కాలిపోతుంది. ఆ తెలుపు మీద పడి తిరిగొచ్చే వెలుతురులోనే డాక్టరు గారు ఇన్నేళ్ళూ చదివారు. సొట్టలు అలాగే ఉంచాను.

బల్బు పట్టుకునే బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) హోల్డరు గురించి ఒక మాట. బర్మింగ్‌హామ్‌లోని టైజ్లీలో 1931 నుంచి పెద్ద బేకలైట్ ఫ్యాక్టరీ ఉండేది, ఈ ప్రాంతపు దీపాలకు, స్విచ్చులకు అది ఊరి వస్తువు. ఆ ప్లాస్టిక్‌లో రంపపు పొట్టు లాంటి మెత్తటి కర్రపొడి కలిపేవారు. అందుకే పైపొర అరిగాక నీళ్ళలో నానబెడితే తేమ పీల్చి ఉబ్బుతుంది. తడిగుడ్డతో తుడవడమే చేయాలి. ఈ హోల్డరు ఎప్పుడో 60 వాట్ల బల్బు వేడికి కమిలి, పట్టుకుంటే రాలిపోతోంది. తీసి డబ్బాలో పెట్టి డాక్టరు గారికి ఇచ్చాను. బదులుగా ఎర్త్ కనెక్షన్ ఉన్న ఇత్తడి హోల్డరు పెట్టాను, మన ఇళ్ళలో ఉండే నొక్కి తిప్పే పిన్ రకమే. బరువు తూచి, పాతదానికి దగ్గరగా ఉన్నదే ఎంచుకున్నాను.

పాత వైరుకు రెండే పోగులు. ఒళ్ళంతా లోహమున్న దీపానికి ఎర్త్ లేదు. రెండేళ్ళ క్రితం అన్నీ మార్చినవారు దీన్ని మాత్రం ముట్టుకోలేదు. రబ్బరు ఎండి పొడిగా రాలుతోంది. ఈ కేసులో నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఇదొక్కటే. 0.75 చదరపు మిల్లీమీటర్ల మూడు పోగుల నేత వైరు వేసి, దిమ్మకు, హోల్డరుకు ఎర్త్ కలిపి, ప్లగ్గులో 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. ఎర్త్ నిరోధం 0.08 ఓమ్ వచ్చింది, 500 వోల్టుల వద్ద ఇన్సులేషన్ పరీక్ష కూడా బాగా దాటింది. వైరు ఎంపికలో కూడా తూకం ఉందని ఇక్కడ చెప్పాలి. బిరుసు పీవీసీ వైరు మోచేతి దగ్గర వంగనని మొరాయించి నాలుగో స్ప్రింగులా పనిచేస్తుంది. మొదట వేసిన వైరు అలాగే చేసింది, తీసి మెత్తనిది వేసి, కీళ్ళ దగ్గర కొంచెం వదులు ఇచ్చాను.

బల్బు 4 వాట్ల ఫిలమెంట్ తరహా ఎల్‌ఈడీ, 470 ల్యూమెన్లు. పాత 40 వాట్ల బల్బుతో సమానం. బరువు 34 గ్రాములు.

ఇచ్చిన రోజు

కీళ్ళు వదులుగా ఉంచి మళ్ళీ ఆ ఐదు ఎత్తుల్లో వదిలాను. నాలుగింటిలో కదల్లేదు. అన్నిటికంటే పై ఎత్తులో ఒక వేలి మందం వాలి ఆగింది. అంతవరకు పట్టుకోవడానికి నట్లు కొద్దిగా, చేతి వేళ్ళతోనే బిగించాను.

సామాను ఖర్చు కంటే గంటల ఖర్చు ఎక్కువైంది, ఆ డబ్బుకు కొత్త దీపం వచ్చేది. డాక్టరు గారికి ముందే చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు. కొత్తది కొనాలనుకునేవారు నన్ను అడిగితే ఒకటే చెబుతాను: పెట్టె మీద "బ్రిటన్‌లో డిజైన్ చేసినది" అని ఉండటం వేరు, "బ్రిటన్‌లో తయారైనది" అని ఉండటం వేరు. ఇప్పటికీ ఇక్కడే ఇత్తడి పోతపోసి, స్టోక్ అనే ఊళ్ళో బోన్ చైనా అనే పింగాణీ షేడ్లు కాల్చి దీపాలు చేసేవాళ్ళున్నారు. ఏ భాగం ఎక్కడ చేశారో, పాడైతే విడిభాగం దొరుకుతుందో లేదో దుకాణంలోనే అడగండి.

జనవరి చివర దీపం ఇంటికి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. డాక్టరు గారు భూతద్దం తీసి, పేపరు పరిచి, షేడ్ అంచును రెండు వేళ్ళతో కిందికి లాగారు. చేయి తీసేసి దాన్నే చూస్తూ కూర్చున్నారు. అమ్మగారు కాఫీ తెచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇది ఇట్లా నిలబడేదని మర్చేపోయాను" అన్నారు.

దిమ్మ అడుగున ఒక చీటీ అంటించాను: మార్చిన స్ప్రింగు ఏదో, వాషర్ల కొలత, వైరు రకం, బల్బు 40 గ్రాములు దాటకూడదని. ఇంగ్లీషులో రాసి చూపిస్తే, కింద తెలుగులో కూడా రాయమన్నారు. రాసిచ్చాను.